సమస్యాపూరణం: ఆగినపుడె కారు సాగుచుండు

నిర్వాహకుడు, హైదరాబాదు

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*ఆగినపుడె కారు సాగుచుండు*

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, ఎక్కడుందని వెతక్కండి. ఇందులో ఉన్నది ప్రాసయతి, రెండో అక్షరాలు కలిసేది (ఆగి – సాగు). మిగిలిన మూడు పాదాలు మీవి.

ఈ పాదం నాకు సికింద్రాబాదు సంగీత్ చౌరస్తా దగ్గర తట్టింది. సిగ్నలు మీద ఎర్ర అంకెలు తొంభై నుంచి దిగుతున్నాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్చు మీద నుంచి ఎడమ కాలు తీశాను. మీటరు ముల్లు సున్నాకి పడిపోయింది, ఇంజను దానంతట అదే ఆగి నిశ్శబ్దమైపోయింది. పక్కన ఆటోలో ఎవరో ఫోనులో "పప్పులో ఉప్పు వేశావా" అని అడగడం స్పష్టంగా వినిపించింది. రోజూ ఆ చౌరస్తాలోనే నిలబడతాను, అన్నాళ్లూ ఆ మాటలు నా ఇంజను మోతలో మునిగిపోయేవి.

మన పూరణలకు ఆధారంగా మారుతీ ఫ్రాంక్స్ అనే చిన్న కారును తీసుకుందాం. 2023 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో 1.0 లీటరు టర్బో రకానిది మైల్డ్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజనుకు చిన్న మోటారు తోడున్నది: 998 సీసీ, మూడు సిలిండర్లు. పొడవు 3,995 మి.మీ., అంటే నాలుగు మీటర్లకు ఐదే మిల్లీమీటర్లు తక్కువ. చిన్న కార్ల పన్ను రేటు దక్కాలంటే ఆ గిరి దాటకూడదు. గిరి గీసుకుని అందులోనే కుటుంబాన్నంతా కూర్చోబెట్టడం ఛందస్సు లాంటి పనే, అందుకే ఈ చిన్న బండ్లంటే నాకు గౌరవం.

పద్యం ఛందస్సుకూ నిలవాలి, యంత్రానికీ నిలవాలి. ఈ వారం రెండూ చూస్తాను.

విజయవాడ మాస్టారు

*ఎఱ్ఱ దీపమందు నింజను నిదురించు*
*చుక్క చుక్క దాచి సొమ్ము నిలుపు*
*మిగులు చమురె రేపు మీ దారి నడిపించు*
*ఆగినపుడె కారు సాగుచుండు*

మా బెంజి సర్కిల్ దగ్గర నిలబడ్డ ప్రతిసారీ పెట్రోలు ఆవిరైపోతున్నట్టు అనిపించేది, ఆ బాధలోంచి వచ్చింది.

నిర్వాహకుడు

మాస్టారూ, శుభారంభం. "అందున్ + ఇంజను" దగ్గర ఎకార ఇకారాలకు యతి చక్కగా కుదిరింది. రెండో పాదంలో చు – సొ కూడా అంతే. మూడో పాదం చివర వాక్యం ముగిసింది కాబట్టి "ఆగినపుడె" అని అచ్చుతో మొదలవడాన్ని దోషమనను.

అయితే ఒక మాట. ఎర్రదీపం దగ్గర ఇంజను ఆపడం హైబ్రిడ్ ఒక్కదాని సొత్తు కాదు. ఫ్రాంక్స్‌లోనే 1.2 లీటర్ల రకానికి ఈ సదుపాయం ఉంది, అది హైబ్రిడ్ కాదు. పద్యం నిజమే చెబుతోంది గానీ మన బండి ప్రత్యేకత ఇంకా రాలేదు. మిగతా సగం ఎవరు పట్టుకుంటారో చూద్దాం.

వరంగల్ విద్యార్థి

ఆ సగం నేను పట్టుకుంటాను సార్.

*చమురు చుక్క లేక చక్రముల్ తిరుగును*
*బ్యాటరీయె దాని ప్రాణశక్తి*
*ఇంజ నాగిపోయె నింక కరెంటుతో*
*ఆగినపుడె కారు సాగుచుండు*

విజయవాడ మాస్టారు

బాబూ, చెయ్యి తిరిగింది నీకు. "బ్యాటరీయె దాని ప్రాణశక్తి" ఐదు గలాలు (గురువు, లఘువు జంటలు) వరసగా గుర్రం నడకలా ఉన్నాయి.

నిర్వాహకుడు

గణాలు సరి, యతులు సరి, యంత్రం తప్పు. ఇది చెప్పకుండా వదిలేస్తే నేను అన్న మాట తప్పినట్టే.

మైల్డ్ హైబ్రిడ్ కరెంటు ఒక్కదానితో చక్రాలు తిప్పదు. అందులో ఉన్నది ఇంజనుకు బెల్టుతో కట్టిన చిన్న యంత్రం. అదే జనరేటరు, అదే మోటారు. బండి నెమ్మదించినప్పుడు చక్రాల ఊపుతో అది తిరిగి కరెంటు చేస్తుంది, ఆ కరెంటు చిన్న లిథియం అయాన్ బ్యాటరీలోకి వెళ్తుంది. మళ్లీ కదిలేటప్పుడు అదే యంత్రం మోటారుగా మారి ఇంజనుకు భుజం పడుతుంది. టర్బో ఊపందుకునే లోపు ఒక వెలితి ఉంటుంది చూడు, అక్కడ ఈ సాయం తెలుస్తుంది. ఇంజను ఆగిపోయి కరెంటు మీదే కొంత దూరం నడిచేవి స్ట్రాంగ్ హైబ్రిడ్లు, వాటి మోటారూ బ్యాటరీ చాలా పెద్దవి, ధరా పెద్దదే.

నీ పద్యం నమ్మి ఎవరైనా చిన్న బండి కొనుక్కుని, పెట్రోలు లేకుండా కదలలేదేమని బాధపడితే ఆ పాపం మనది. మళ్లీ రాయి, నీకు వస్తుంది.

వరంగల్ విద్యార్థి

నిజమే సార్. తొందరపడ్డాను. మా బాబాయి బండిలో పక్కన కూర్చుని తెర మీద బాణం గుర్తులు చూస్తూ వెళ్లాను ఈరోజు. బ్రేకు వేస్తే బాణం బ్యాటరీ వైపు, యాక్సిలరేటరు తొక్కితే బ్యాటరీ నుంచి ఇంజను వైపు. అది చూశాకే ఇలా వచ్చింది:

*బ్రేకు నొక్కినంత విద్యుత్తు పుట్టును*
*చిన్న బ్యాటరీని చేరి నిలుచు*
*మరల కదలునపుడు మరి కొంత తోడ్పడు*
*ఆగినపుడె కారు సాగుచుండు*

నిర్వాహకుడు

ఇదీ పూరణ! "మరి కొంత" అన్న రెండు మాటల్లో మైల్డ్ అనే మాటకు పూర్తి అర్థం చెప్పావు. బ్రే – వి యతి కూడా సరైనది, బకార వకారాలకు మైత్రి ఉంది. ఆపడంలోంచే నడక పుట్టిందన్న భావం ఇప్పుడు పద్యంలో నిజంగా ఉంది. నిన్నటి దానికన్నా ఇది నాలుగింతలు మెరుగు.

మియాపూర్ సభ్యురాలు

నేను ఛందస్సు నేర్చుకుంటున్నదాన్ని, తప్పులు చెప్పండి. బండి కొన్న మొదటి రోజు జరిగినదే రాశాను. సిగ్నలు దగ్గర ఇంజను ఆగిపోతే బండి చెడిపోయిందనుకుని చెమటలు పట్టాయి. వెనక నుంచి ఒకటే హారన్లు. ఆ టెన్షన్‌లో తాళం తీసి మళ్లీ పెట్టాను కూడా.

*కొత్త కారు కొంటి గుండె ఝల్లనె నాకు*
*సిగ్నల్ వద్ద ఇంజన్ ఆగిపోయె*
*క్లచ్చు నొక్కగానె గలగల మొదలయ్యె*
*ఆగినపుడె కారు సాగుచుండు*

విజయవాడ మాస్టారు

అమ్మా, ఒకటో పాదం నిండుగా ఉంది. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే కావాలి, అంటే గలం గానీ, మూడు లఘువుల నగణం గానీ. "సిగ్నల్" రెండు గురువులైపోయింది. "ఇంజన్" కూడా అంతే. తెలుగు పద్యానికి ఇలాంటి ఇంగ్లీషు పొల్లు మాటలు పడవు, చివర అచ్చు చేర్చు: సిగ్నలు, ఇంజను. ఇక నాలుగో గణం మొదట "ఆ" ఉంది, దానికీ "సి"కీ యతి లేదు. ఇలా చూడు:

*సిగ్నలందు బండి చేష్టలుడిగె*

సి – చే యతి. సిగ్న, లందు, బండి, చేష్ట, లుడిగె. నీ గుండె ఝల్లుమన్న క్షణం కూడా అందులోకి వచ్చిందనుకుంటాను.

నిర్వాహకుడు

మాస్టారి సవరణ అద్భుతం. మూడో పాదంలో గణాలూ యతీ బాగున్నాయి, "గలగల" అన్న మాట ఒక్కటే నన్ను ఆపింది. మామూలు స్టార్టరు మోటారు పళ్లచక్రంతో ఇంజనును పట్టి తిప్పుతుంది, అందుకే తాళం తిప్పగానే ఆ గరగర. సిగ్నలు దగ్గర మళ్లీ లేపేటప్పుడు మన హైబ్రిడ్‌లోని చిన్న యంత్రం బెల్టుతోనే తిప్పేస్తుంది కాబట్టి దాదాపు చప్పుడే ఉండదు. ఒకసారి చెవి పెట్టి వినండి. "గలగల" తీసి "కదలికల్" వేస్తే గణమూ నిలుస్తుంది, యతీ నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది:

*క్లచ్చు నొక్కగానె కదలికల్ మొదలయ్యె*

మియాపూర్ సభ్యురాలు

విన్నాను. నిజంగానే చిన్న కుదుపు తప్ప ఏమీ లేదు. మాస్టారి పాదం, మీ పాదం రెండూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఈసారి నా పాదాలే నేను దిద్దుకుంటాను. ఒక సందేహం. మే నెలలో ఇంజను ఆగితే ఏసీ గాలి వెచ్చబడుతోంది. ఇది మామూలేనా?

నిర్వాహకుడు

మామూలేనమ్మా. ఏసీ కంప్రెసరు ఇంజను బెల్టు మీదే నడిచే బండ్లలో ఇంజను ఆగితే ఫ్యాను గాలే వస్తుంది. లోపల వేడెక్కితే ఇంజను దానంతట అదే లేస్తుంది. పెద్దవాళ్లో పసిపిల్లలో ఉంటే మొహమాటపడకుండా ఆ సదుపాయాన్ని ఆపే మీట నొక్కేయండి. చుక్క పెట్రోలు కన్నా వాళ్ల ప్రాణానికి హాయి ముఖ్యం.

అమీర్‌పేట సభ్యుడు

మీరందరూ బండి గురించి రాస్తున్నారు, నేను దారి గురించి రాశాను.

*పంజగుట్ట మీద వానధారలు పోయ*
*నీరు నిలిచి దారి నిండుకుండ*
*గొప్ప యంత్రమున్న గుమ్మరించెడి వాన*
*యాగినపుడె కారు సాగుచుండు*

విజయవాడ మాస్టారు

"వాన + ఆగిన" దగ్గర యడాగమంతో సమస్యను పట్టేశారు, ఇదే పాత పద్ధతి. ఆగేది కారు కాదు, వాన! "దారి నిండుకుండ" అని క్రియ లేకుండా వదలడం నాకు బాగా నచ్చింది.

తిరుపతి సభ్యురాలు

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, నడుము కూడా వంగదు. పాత కారులో కూర్చోవాలంటే కిందికి దిగబడినట్టు ఉండేది. ఈ క్రాసోవరులో, అంటే కాస్త ఎత్తైన కారులో, సీటు కుర్చీ ఎత్తులో ఉంది. మొదటిసారి నా చెయ్యి పట్టుకోకుండా ఎక్కి, కొంగు సర్దుకుని, "పోనీయవే" అంది.

*అమ్మ నడుము వంగ కలవోక నెక్కగ*
*నెత్తు సీటు చూచి యెంచి కొంటి*
*గుడికి బయలుదేర గుమ్మమ్ము ముందర*
*నాగినపుడె కారు సాగుచుండు*

వరంగల్ విద్యార్థి

అక్కా, పద్యం చదివి మా నాయనమ్మ గుర్తొచ్చింది. కానీ మొదటి పాదంలో "అ"కు "క"తో యతి ఎలా?

విజయవాడ మాస్టారు

మంచి ప్రశ్న. "వంగక + అలవోక" కలిసి "వంగకలవోక" అయింది. సంధిలో దాగిన అచ్చు "అ", యతి దానితో. పైకి కనిపించే హల్లును చూసి తప్పనకూడదు. రెండో పాదంలోనూ "ఎక్కగన్ + ఎత్తు" అలాంటిదే. ఈ అమ్మాయి సంధులన్నీ తెలిసే వేసింది.

నిర్వాహకుడు

హైబ్రిడ్ సంగతి ఇందులో లేదు, నేను అడగను కూడా. ఊళ్లో తిరిగే చిన్న బండికి ఎత్తు సీటు ఎందుకని నన్ను చాలామంది అడుగుతారు. ఇకమీదట ఈ పద్యం చదివి వినిపిస్తాను.

గుంటూరు రైతు

ఆలస్యంగా వచ్చాను, చేలో పని. హైబ్రిడ్ అన్న మాట మీ కార్లవాళ్లకన్నా ముందు మాది. 1970లో సూరత్‌లో హెచ్-4 హైబ్రిడ్ పత్తి వచ్చిన దగ్గర్నుంచీ మా నోట్లో నానుతోంది. దాన్ని సంకరం అని తెలుగు చేయొద్దు, హైబ్రిడ్ అంటే ముసలమ్మకు కూడా తెలుసు.

నాకు కారు లేదు. మా కారు వేరే.

*నల్లరేగడందు నాగలి దిగబడు*
*దున్నరాదు చేను తొందరించి*
*వారమంత కురిసి పదునిచ్చి యా ముసు*
*రాగినపుడె కారు సాగుచుండు*

విజయవాడ మాస్టారు

వానకారు! కారు అంటే వానాకాలమని, ఆ కాలపు పంట అని మేమందరం మరిచిపోయి నాలుగు చక్రాల చుట్టూ తిరుగుతున్నాం. "ముసురు + ఆగిన" పాదం విరుపు మీద పడింది, ఎక్కడా కుట్టు కనపడలేదు. లేచి నిలబడి నమస్కారం పెడుతున్నాను.

నిర్వాహకుడు

యంత్రానికి నిలవాలని నేను పెట్టిన నియమం మీ పద్యానికి వర్తించదు, నాగలి దిగబడుతుందన్నది నాకన్నా మీకే తెలుసు. ఈ వారం మేటి పూరణ ఇదేనని నా తీర్పు, వరంగల్ బాబు రెండో పద్యం దాని పక్కన. అన్నా, మీ దగ్గర ముసురు ఆగిందా?

గుంటూరు రైతు

నిన్న రాత్రి ఆగింది. ఇంకో రెండు రోజులు ఎండ కాస్తే పదునుకొస్తుంది. విత్తనాలు తెచ్చి అరుగు మీద పెట్టాను.