బొమ్మల పుస్తకం చదివాక పిల్లలతో వంట చేయించడం: కథకు మేలా, చేటా?

పెరటిజామ
మా పాపకు నాలుగున్నరేళ్లు. హైదరాబాద్‌లో మేం పంపే ప్లేస్కూల్లో ఈ ఏడాది నుంచి వారానికో బొమ్మల పుస్తకం, దానికి జోడీగా ఒక వంట పెట్టారు. మొదట్లో నాకూ సంబరంగానే ఉండేది. ఇప్పుడు గురువారం సాయంత్రమైతే టెన్షన్. బ్రెడ్డు, చీజ్ స్లైసులు, చాక్లెట్ సాస్, నక్షత్రం అచ్చు అంటూ వాట్సాప్‌లో లిస్టు వస్తుంది. ఏనుగు కథైనా, వాన కథైనా చివరికి బ్రెడ్డు మీద ఒక బొమ్మ, ఒక ఫొటో.

అదీ సర్దుకుపోదామనుకున్నాను. మొన్న రాత్రి ఇంట్లో పుస్తకం తీస్తే, అట్ట తిప్పకముందే "అమ్మా, ఇది అయ్యాక ఏం తింటాం?" అంది. ఏమీ తినం, కథ చదువుకుంటాం అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని అటు తిరిగి పడుకుంది. అదే పుస్తకాన్ని ఇదివరకు నాలుగేసి సార్లు చదివించుకునే పిల్ల! కథ వినడానికి తిండి ఆశ పెట్టాలా? ఈ వంటలు ఆపేయమని బడిలో అడగాలనుకుంటున్నాను. మీరేమంటారు?

బడిగంట
ఆపేయమనకండి, మార్చమనండి. ఇరవై ఏళ్లుగా ఈ వయసు పిల్లలకే చెబుతున్నాను. చేత్తో చేసింది వాళ్లకు గుర్తుండిపోతుంది. ఇది కొత్త ఫ్యాషనేమీ కాదు. చిన్నపిల్లల చదువుకు కొత్త పద్ధతి తెచ్చిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచారు. నీళ్లు ఒంపడం, గింజలు ఏరడం, బల్ల తుడవడం లాంటి ఇంటిపనులు ఆ పద్ధతిలో చదువులో భాగమే. 1939లో ఆవిడ మద్రాసు వచ్చి మన టీచర్లకూ శిక్షణ ఇచ్చారు. మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్ల కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక కూడా ఆట, కథ, చేతిపని కలిసి సాగాలనే అంటుంది.

మీ బడిలో తప్పెక్కడంటే, ఆ వంటకూ ఆ కథకూ సంబంధమే లేదు. వాన కథకు చీజ్ ఎందుకు?

వేపనీడ
బడిగంట గారూ, గౌరవంతోనే చెబుతున్నాను, నేను ఒప్పుకోను. సంబంధం ఉన్న వంట ఎంచుకున్నా ఇబ్బందే, అది నాకు అనుభవమైంది. మా బాబుకు ఐదేళ్లప్పుడు కాకి, నక్క, గారె కథ చదివి, ఆ ఊపులో గారెలు వేద్దామని కూర్చున్నాం. పిండిలో చిల్లు పెట్టే పని వాడికిచ్చాను. రెండు గారెలు చక్కగా తట్టాడు. మూడోది తనే వేస్తానని స్టూలెక్కి, నేను వద్దనేలోపే పైనుంచి వదిలాడు. నూనె చింది మణికట్టు మీద పడింది. ఇరవై నిమిషాలు కుళాయి కింద చెయ్యి పట్టి ఉంచి, తర్వాత డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. పెద్దగా కాలలేదు కానీ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ కథ పేరెత్తితే వాడు చెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు.

ఇంకో మాట. బొమ్మల పుస్తకంలో ఒక్కో పేజీలో ఎంత ఉంటుంది! కాకి ముక్కులో గారె ఉంది, నక్క కన్ను దాని మీద ఉంది. పిల్లాడు ఆ రెంటి మధ్య ఖాళీ జాగాను చూస్తూ ఏం జరగబోతుందో ఊహిస్తాడు. ఆ ఊహకు టైమివ్వాలి. మనం "పదండి, చేతులు కడుక్కోండి" అనగానే అది చెదిరిపోతుంది. కథను కథగా వదిలేయండి. వంట నేర్పాలనుంటే వంటగదిలో వేరే రోజు నేర్పండి.

డాలస్ నాన్న
మా పరిస్థితి వేరు. ఇక్కడే పుట్టిన పాప, ఆరేళ్లు. తెలుగు బొమ్మల పుస్తకం చదువుతుంటే బొమ్మలన్నీ గుర్తుపడుతుంది. పిల్లి, కుండ, చెట్టు అంటుంది. క్రియలే రావు. నానబెట్టడం, వార్చడం, జల్లించడం, చెరగడం, పిసకడం, ఒంపడం... ఇవి పుస్తకంలో ఎన్నిసార్లు చూపించినా అంటలేదు. ఒక శనివారం అవ్వ కథ చదివి, అందులో అవ్వ చేసినట్టే బియ్యం కడిగించాను. "నీళ్లు ఒంపు, గింజలు పోనివ్వకు" అన్నాను. రెండోసారికి తనే "నాన్నా, ఒంపేశా" అంది. ఆ మాట తన నోట రావడం అదే మొదలు. మాకు పొయ్యి వెలిగించే పనే పడలేదు.

ఒక జాగ్రత్త మాత్రం. బడిలో అందరి పిల్లలతో చేసేటప్పుడు అలర్జీలు అడిగి తీరాలి. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులు కూడా ముఖ్యమైన అలర్జీ పదార్థాల్లో చేరాయి, మొత్తం తొమ్మిదయ్యాయి. నువ్వుండలు మనకు పండగ, పక్క పిల్లాడికి ప్రమాదం కావచ్చు. ఐదేళ్లలోపు వాళ్లకు వేరుశనగ గింజలు గింజల్లాగే ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి.

చెరువుగట్టు
నేను అంగన్‌వాడీ టీచర్ని. మాకు సరుకు పిల్లల లెక్కన వస్తుంది, ఆటకని పక్కన తీయడానికి ఉండదు. అందుకని ఆ రోజు వండేదాంట్లోనే చూసుకుంటాం. గుడ్డు రోజున ముందు కోడిపెట్ట బొమ్మల కథ చెప్తాను, తర్వాత ఎవరి గుడ్డు వాళ్లే ఒలుచుకోవాలి. చల్లారాకే చేతికిస్తాను. నాలుగేళ్ల పిల్ల ఒకతి పెంకు చిన్న చిన్న ముక్కలుగా తీసి పళ్లెం అంచున వరసగా పెడుతుంది. "లోపల పిల్ల లేదేం టీచర్?" అని అడిగింది ఒకరోజు. ఆ ప్రశ్న కథ చెప్పినందుకా, గుడ్డు ఒలిచినందుకా వచ్చింది? రెండూ ఉన్నందుకే వచ్చిందని నా నమ్మకం. దీనికి తల్లులు కొనాల్సిందేమీ లేదు.

బడిగంట
చెరువుగట్టు గారూ, రేపే మా పిల్లలతో ఒలిపిస్తాను. వేపనీడ గారూ, బాబు చెయ్యి సంగతి చదివి బాధేసింది. నూనె, మంట, కత్తి ఈ వయసుకు వద్దే వద్దు, అందులో వాదనే లేదు.

నందివర్ధనం
నేను అమ్మమ్మని, మనవడు మూడున్నరేళ్ల వాడు. ఏడు చేపల కథ మీ అందరికీ తెలిసిందే. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు, ఒకటి ఎండదు. ఎందుకెండలేదని అడిగితే గడ్డిమోపు అడ్డమంటుంది, గడ్డిమోపు ఆవును చెబుతుంది, అలా చీమ దాకా పోతుంది కథ.

ఎండల్లో సగ్గుబియ్యం వడియాలు పెట్టేటప్పుడు మా వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. గంజి నేను కాచి గోరువెచ్చన చేసి తెచ్చాను. వాడికని పచ్చిమిర్చి వెయ్యలేదు, జీలకర్ర, ఉప్పు మాత్రమే. చెంచాతో ఏడు పోయమన్నాను. నాలుగు గుండ్రంగా వచ్చాయి, రెండు అంటుకుపోయాయి, ఏడోది జారి గుడ్డ అంచుకు, నీళ్ల ట్యాంకు నీడలోకి పోయింది. సరిచేద్దామనుకుని ఆగాను. మర్నాడు సాయంత్రం వాడే వేలితో నొక్కి చూశాడు. ఆరు గట్టిపడ్డాయి, అది ఇంకా మెత్తగానే ఉంది. వంగి దాంతో "వడియం, వడియం, ఎందుకెండలేదు?" అన్నాడు. నేను నోరు విప్పలేదు. కాసేపు అటూ ఇటూ చూసి ట్యాంకు వైపు చెయ్యి చూపించాడు.

అప్పటికి కథ చెప్పి పది రోజులైంది, పుస్తకం దగ్గర లేదు. వేపనీడ గారు అన్నట్టు ఊహకు టైమివ్వాలి, నిజమే. ఆ టైము కథకూ పనికీ మధ్య ఇచ్చి చూడండి. చదివిన వెంటనే వంటకు లేపడమే నాకు నచ్చనిది.

వేపనీడ
అమ్మమ్మగారూ, ఇది నాకు తట్టలేదు. పది రోజుల ఎడం ఉంటే నేనూ ఒప్పుకుంటాను. వారానికో పుస్తకం, వారానికో వంట మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను. ఒకే పుస్తకం నెల రోజులు చదవనివ్వాలి. ఈ పనంతా తల్లుల నెత్తిన పడటం కూడా బాగాలేదు. డాలస్ నాన్నగారిలా ఇంకా నలుగురు ఉంటే బాగుండు.

పెరటిజామ
అందరికీ థాంక్సండీ. బడిలో ఆపేయమని అడగను. నెలకొకటే చెయ్యమని, పొయ్యి లేకుండా, ఇంట్లో ఉన్న వాటితోనే చెయ్యమని, కథ చదివిన రోజున వద్దని రాసిస్తాను. పడుకునేటప్పుడు చదివే పుస్తకం జోలికి మాత్రం ఏ వంటా రానివ్వను.

శనివారం రాత్రి సగ్గుబియ్యం నానబెడదామని ఉంది, ఈసారి మా ఆయన కాస్తారట. మా మేడ మీద మధ్యాహ్నం దాటాక ట్యాంకు నీడ తూర్పు వైపు పడుతుంది. అమ్మమ్మగారూ, ఇప్పటి ఎండకు ఎన్ని రోజులు పడుతుంది?

నందివర్ధనం
రెండు రోజులు ఒకవైపు ఎండనిచ్చి, గుడ్డ వెనక నీళ్లు చిలకరించి ఊడదీసి, తిరగేసి ఇంకో రోజు పెట్టమ్మా. నీడలో పడ్డదాన్ని నువ్వు జరపకు.