చర్ల వైపు కోయ పల్లెకు సేవకు వెళ్తున్నాం, పిల్లల చదువు ఇంట్లోనే. రోజు ఎలా గడుస్తుంది?

అల్వాల్ అమ్మ:
అందరికీ వందనాలు. జూన్‌లో మా కుటుంబం హైదరాబాద్ వదిలి, చర్ల దాటాక లోపలున్న ఒక కోయ పల్లెకు సేవకు వెళ్తోంది. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. వానాకాలం వాగు పొంగితే ఆ ఊరికి టీచరు రాలేరట. అందుకే ఇంట్లోనే చెప్పాలనుకున్నాం. "మీ పిలుపు కోసం పిల్లల చదువు పాడు చేస్తారా" అని మా అత్తయ్య నాలుగు రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆ భయం నాకూ ఉంది. ఉదయం 9 నుంచి 3 దాకా టైంటేబుల్ రాసుకున్నాను. నడుస్తుందా? అలా బతికినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

తార్నాక అక్క:
చెల్లీ, మేము దుమ్ముగూడెం అవతల ఒక పల్లెలో ఏడేళ్లుగా ఉంటున్నాం. పెద్దమ్మాయి పదో తరగతి పరీక్షల కోసం ఇప్పుడు తార్నాకలో మా అమ్మ ఇంటికి వచ్చాం.

9 నుంచి 3 నడవదు. తొమ్మిదయ్యేసరికి ఊరు మీ గడప ముందు ఉంటుంది. ఒకరికి జ్వరం, ఒకరికి ఆధార్ కాగితం, ఇంకొకరిని తేలు కుట్టింది. పొమ్మనలేం, పొమ్మనకూడదు కూడా. దానికోసమే కదా వెళ్లింది.

రెండో ఏడు పాపకు అప్పు తెచ్చే తీసివేతలు మొదలుపెట్టాను. 402లోంచి 157. రెండులోంచి ఏడు పోదు, పక్కన చూస్తే సున్నా. "పక్కింట్లో కూడా ఏమీ లేదు కదమ్మా, ఎవర్ని అడగాలి?" అంది. చెప్పబోతుంటే ఒకావిడ చంటిబిడ్డను ఎత్తుకొచ్చింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. ఆశా కార్యకర్త దగ్గరికి తీసుకెళ్లి మలేరియా పరీక్ష చేయించి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మర్నాడు ఇంకొకరు. మూడో రోజూ అంతే. శనివారం నోట్‌బుక్ తెరిస్తే లెక్క సగంలోనే ఉంది. దాని కింద మూడు తేదీలు వేసి, ఒక్కోదాని పక్కన "అమ్మ రాలేదు" అని రాసుకుంది. ఆ కాగితం ఇప్పటికీ నా బైబిల్లో ఉంది.

ఆ రాత్రి మా ఆయనా నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. ఐదున్నరకు కుటుంబ ప్రార్థన, ఆరు నుంచి తొమ్మిది దాకా చదువు. ఆ మూడు గంటలు ఎవరొచ్చినా, ఏ కష్టమొచ్చినా ఆయనే చూస్తారు. ఊరివాళ్లకూ చెప్పాం. ఒక్కరూ తప్పుగా అనుకోలేదు. తొమ్మిది తర్వాత పిల్లలు నాతోనే తిరిగేవాళ్లు, కోయ భాష నాకంటే వాళ్లకే ముందు వచ్చింది.

ఇప్ప పువ్వు రాలే రోజుల్లో మాత్రం తెల్లవారకముందే ఊరంతా అడవిలో ఉంటుంది, మన పిల్లలూ ఆగరు. ఆ నెల చదువు మధ్యాహ్నానికి మార్చుకోండి.

2022 జూలై వరదకు మేమక్కడే ఉన్నాం. సిగ్నల్ దొరికినప్పుడల్లా పిల్లలు భద్రాచలం దగ్గర గోదావరి మట్టం రాసుకుని గ్రాఫ్ గీశారు. 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికల గీతలు ముందే గీసి పెట్టుకున్నారు. నీళ్లు 71.3 దాకా వెళ్లాయి. కాగితం చాలక పైన ఇంకోటి అంటించారు. గ్రాఫుల పాఠం నేను మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఒక్కటి మాత్రం బాధతోనే చెప్తున్నాను. పన్నెండేళ్లు వచ్చాక పాప ముభావంగా అయిపోయింది. దాని ఈడు ఆడపిల్లలంతా ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లకు వెళ్లిపోయారు, ఊళ్లో ఇదొక్కతే మిగిలింది. మేము ఆలస్యంగా గమనించాం. తర్వాత ఏటా వేసవిలో నెల రోజులు దాన్ని ఇక్కడ మా అక్క కూతుళ్ల దగ్గర ఉంచాం. మీరు అంతదాకా ఆగకండి.

నాచారం మాస్టారు (రిటైర్డ్):
అమ్మా, పరీక్షల గురించి టెన్షన్ వద్దు. జాతీయ ఓపెన్ స్కూల్ 1989 నుంచి ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి కట్టొచ్చు, తెలుగు మాధ్యమం ఉంది. ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. ఒకసారి చేరితే ఐదేళ్లు చెల్లుతుంది, కాబట్టి అన్నీ ఒకేసారి రాయాలనేం లేదు. పిల్లల జనన ధ్రువపత్రాల్లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇక్కడుండగానే చూసుకోండి. అక్కడికెళ్లాక అక్షరం మార్చాలన్నా రెండు బస్సులు మారాలి.

అల్వాల్ అమ్మ:
వందనాలు అక్కా, మాస్టారూ. 9 నుంచి 3 కొట్టేశాను. అక్క రాసింది అత్తయ్యకు చదివి వినిపించాను. అంతా విని ఒక్క మాట అడిగారు, "ఇంతకీ ఆ లెక్క ఆ పిల్లకు ఎవరైనా చెప్పారా?" అని.

తార్నాక అక్క:
చెప్పానమ్మా, ఆ శనివారమే, పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని. నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతిలో పెట్టాను. పక్కింట్లో లేకపోతే ఆ పై ఇంటికి వెళ్లమన్నాను. ఒక వంద నోటుకు పది పది రూపాయల నోట్లు, అందులో ఒకదానికి పది బిళ్లలు మార్చుకుంది. నోట్లు, బిళ్లలు నేల మీద పరిచి, 157 నాకిచ్చి, మిగిలింది రెండుసార్లు లెక్కపెట్టుకుంది. 245.