ల్యాప్‌టాప్ నుంచి ఇంట్లోని డేటాబేస్ అందడం లేదు: పోర్టు తెరవడం ఒక్కటే దారా?

కొత్తపాఠం
ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌లో ఉబుంటు లినక్స్ వేసి, దాని మీద మైఎస్‌క్యూఎల్ 8 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటే అంతా సక్రమంగా నడుస్తోంది. అదే వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి 192.168.1.20కి వెళ్తే మాత్రం కనెక్షన్ కుదరడం లేదు. పింగ్‌కు జవాబు వస్తోంది. పాస్‌వర్డ్ సరైనదే. ఇది కుదిరాక ఇంటి బయటి నుంచి కూడా వాడుకోవాలని ఉంది. మైఎస్‌క్యూఎల్ వినే 3306 పోర్టును రౌటర్‌లో ఫార్వర్డ్ చేస్తే, అంటే బయటి నుంచి ఆ పోర్టుకు వచ్చేవాటిని ఇంటి కంప్యూటర్‌కు పంపేలా పెడితే, సరిపోతుందా?

పనిముట్టు
సరిపోతుంది. ముందుగా మైఎస్‌క్యూఎల్ సెట్టింగుల ఫైలులో బైండ్-అడ్రస్ అనే వరుస చూడండి. 127.0.0.1 అని ఉంటుంది. అంటే సర్వర్ తన సొంత యంత్రం మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. దాన్ని 0.0.0.0గా, అంటే యంత్రానికి ఉన్న అన్ని చిరునామాల మీదా వినేలా, మార్చి సర్వీసును రీస్టార్ట్ చేయండి. యూజర్‌ను లోకల్‌హోస్ట్‌కు (ఆ యంత్రానికే) కాకుండా శాతం గుర్తుతో, అంటే ఎక్కడి నుంచైనా రాగలిగేలా, సృష్టించండి. ఫైర్‌వాల్‌ను కాసేపు ఆపేయండి. తర్వాత రౌటర్‌లో ఫార్వర్డ్ చేయండి. ముందు పని జరగనివ్వండి, భద్రత సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

తాళంకప్ప
కొత్తపాఠం గారూ, పై సలహాలో ఫైర్‌వాల్ ఆపడం, రౌటర్‌లో ఫార్వర్డ్ చేయడం, ఈ రెండూ దయచేసి చేయకండి. ఆ "తర్వాత" ఎప్పటికీ రాదు. 2017 జనవరిలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వేలాది మాంగోడీబీ డేటాబేస్‌లను తుడిచేసి, బిట్‌కాయిన్లు ఇస్తేనే డేటా తిరిగి ఇస్తామని చీటీ పెట్టి పోయారు. నా ఇంటి కంప్యూటర్ ఎవరి కంట పడుతుందిలే అనుకుంటే పొరపాటే. 2013లో వచ్చిన జెడ్‌మ్యాప్ అనే సాధనం ఒక్క గిగాబిట్ లైను మీద ఐపీవీ4 చిరునామాలన్నింటినీ 45 నిమిషాల లోపే తట్టి చూడగలదు. డేటాబేస్‌ను 127.0.0.1 మీదే ఉంచండి. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (రెండు యంత్రాల మధ్య గుప్తీకరించిన దారి) వేసుకుంటే ల్యాప్‌టాప్‌లో 3307కి వెళ్లిన కనెక్షన్ అక్కడి 3306కి చేరుతుంది. బైండ్-అడ్రస్ ముట్టుకోనవసరమే లేదు.

ములుకోల
వచ్చిన ఎర్రర్ ఏమిటో ఇద్దరూ అడగలేదు. కొత్తపాఠం గారూ, ఎర్రర్ సంఖ్యను, పక్కన కుండలీకరణంలో ఉన్న సంఖ్యను ఉన్నదున్నట్లు ఇక్కడ పెట్టండి.

పనిముట్టు
తాళంకప్ప గారు చెప్పిన ఉదాహరణ ఇక్కడ అతకదు. అక్కడ దెబ్బతిన్న డేటాబేస్‌లకు పాస్‌వర్డే లేదు. ఈయన దగ్గర ఉంది. ఇక 0.0.0.0 అంటే అందరూ ఉలిక్కిపడతారు. ఇంటి రౌటర్ వెనక ఉన్న యంత్రానికి ఫార్వర్డ్ చేయనంత వరకు బయటివారు ఐపీవీ4లో నేరుగా చేరలేరు కదా!

తాళంకప్ప
ఫార్వర్డ్ చేయమన్నది కూడా మీరే కదా. పాస్‌వర్డ్ ఉంటే చాలన్న ధీమా కూడా నిలవదు. 2003 జనవరి 25న ఎస్‌క్యూఎల్ స్లామర్ అనే పురుగు పాకింది. దానికి ఏ పాస్‌వర్డూ అవసరం లేకపోయింది. యూడీపీ 1434 పోర్టు తెరిచి ఉండి, లోపం సరిచేయని మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే చాలు. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ 6 నెలల ముందే వచ్చింది. అయినా 10 నిమిషాల్లో లొంగదగిన యంత్రాల్లో చాలావరకు లొంగిపోయాయి. బైండ్-అడ్రస్ మార్చక తప్పదంటే కనీసం 192.168.1.20 అని రాయండి, 0.0.0.0 వద్దు.

పనిముట్టు
అలా రాస్తే ఏదో ఒక రోజు రౌటర్ ఆ కంప్యూటర్‌కు వేరే చిరునామా ఇస్తుంది. లేని చిరునామా మీద వినమంటే మైఎస్‌క్యూఎల్ అసలు లేవనే లేవదు. అప్పుడు ఇంట్లోనే డేటాబేస్ పోతుంది. భద్రత పేరుతో మీరు చెప్పే ప్రతి మాట వెనకా ఇలాంటి కొత్త బెడద ఒకటి ఉంటుంది.

తాళంకప్ప
రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెడితే, అంటే ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే చిరునామా ఇమ్మని చెబితే, అది మారదు. మైఎస్‌క్యూఎల్ 8.0.13 నుంచి బైండ్-అడ్రస్‌లో కామా పెట్టి రెండు చిరునామాలు ఇవ్వవచ్చు కూడా: 127.0.0.1, 192.168.1.20. ఇందులో బెడద ఏముంది?

ఉడతాభక్తి
డేటాబేస్‌ను డాకర్‌లో (ప్రోగ్రాములను విడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్‌లో) పెట్టుకున్నవారు ఒకటి గమనించండి. డాకర్ బయటికి తెరిచిన పోర్టును ఉబుంటు ఫైర్‌వాల్ అయిన యూఎఫ్‌డబ్ల్యూ నియమాలు ఆపవు. ఫైర్‌వాల్ నడుస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

కొత్తపాఠం
డాకర్ కాదండీ, నేరుగానే ఇన్‌స్టాల్ చేశాను. ల్యాప్‌టాప్‌లో కూడా లినక్సే. ఎర్రర్ 2003, కుండలీకరణంలో 111.

ములుకోల
ఈ 111 ఒక్కటి చాలు. అది తిరస్కరణ. ప్యాకెట్ యంత్రం దాకా వెళ్లింది, ఆ చిరునామాలో, ఆ పోర్టులో వినేవారెవరూ లేరని వెంటనే జవాబు వచ్చింది. ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను మింగేసి ఉంటే జవాబే రాదు, చాలాసేపు ఆగి 110 వస్తుంది. పైగా ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ మీరు ఆన్ చేస్తే తప్ప నడవదు. ఆపి ఉన్న ఫైర్‌వాల్‌ను మళ్లీ ఆపమని చెప్పడమెందుకు? పింగ్‌కు జవాబు రావడం కూడా ఇక్కడ ఏమీ తేల్చదు. యంత్రం బతికే ఉందని చెబుతుంది గానీ, పోర్టు గురించి దానికి తెలియదు.

సర్వర్ మీద ఎస్‌ఎస్ కమాండును ఎల్, టీ, ఎన్ ఆప్షన్లతో (ss -ltn) నడిపి, ఏ చిరునామాలో ఏ పోర్టు వింటోందో చూపే జాబితాలో 3306 ఉన్న వరుస చూడండి. ఎడమవైపు చిరునామా 127.0.0.1 అని ఉంటే జబ్బు బైండ్-అడ్రస్‌దే.

కొత్తపాఠం
అవును, 127.0.0.1:3306 అనే ఉంది. తాళంకప్ప గారు చెప్పినట్లు కామాతో రెండు చిరునామాలు ఇచ్చి రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు ఎర్రర్ మారింది: 1130, మీ హోస్ట్ 192.168.1.34కు కనెక్ట్ అయ్యే అనుమతి లేదని అంటోంది.

ములుకోల
ఇది ముందడుగు. ఇప్పుడు మాట్లాడుతున్నది మైఎస్‌క్యూఎల్లే. మైఎస్‌క్యూఎల్‌కు యూజర్ అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ ఎక్కడి నుంచి వచ్చాడన్నదీ కలిపితేనే. లోకల్‌హోస్ట్ యూజర్ వేరు, అదే పేరుతో 192.168.1.34 నుంచి వచ్చిన యూజర్ వేరు. యూజర్‌ను 192.168.1. తర్వాత శాతం గుర్తు పెట్టి సృష్టించండి, ఆ ఒక్క డేటాబేస్ మీదే హక్కులివ్వండి. అన్ని హక్కులూ ఉండే రూట్ యూజర్‌కు ఇలా ఇవ్వవద్దు. ఆ తర్వాత 1045 వస్తే అప్పుడు పాస్‌వర్డ్ చూడాలి.

పనిముట్టు
నేను మొదటి జవాబులో చెప్పినవే బైండ్-అడ్రస్, యూజర్. ఇంత తిరిగి అక్కడికే వచ్చాం.

తాళంకప్ప
వాటితో పాటు ఫైర్‌వాల్ ఆపమన్నారు, ఎక్కడి నుంచైనా రాగలిగే యూజర్‌ను పెట్టమన్నారు, పోర్టును లోకానికి తెరవమన్నారు. సరైన రెండు మాటల మధ్య హానికరమైనవి కలిపి ఇస్తే చదివేవారు వాటిని విడదీయలేరు.

నేనెందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. నేను పనిచేసిన ఒక చోట బయటి నుంచి వచ్చిన కాంట్రాక్టరు పరీక్ష కోసం పోర్టు తెరిచాడు. పరీక్ష అయ్యాక మూయలేదు. "కాసేపు" అనే అన్నాడు. తెల్లవారేసరికి పట్టికలన్నీ మాయమై, చీటీ ఉన్న పట్టిక ఒక్కటే మిగిలింది. బ్యాకప్ కూడా అదే యంత్రంలో ఉండేది. ఆ కాంట్రాక్టరు అప్పటికే వెళ్లిపోయాడు. డేటా పోగొట్టుకున్నవారి ఎదుట నిలబడి సమాధానం చెప్పింది నేను.

పనిముట్టు
మీకు జరిగింది అన్యాయమే. నా సంగతీ వినండి. నేను నేర్చుకునే రోజుల్లో ఏది అడిగినా "అది ప్రమాదం, నీకెందుకు" అన్న మాటే వినిపించేది. ఎలా చేయాలో ఒక్కరూ చెప్పలేదు. పనిచేసే చోట నన్ను డేటాబేస్ దరిదాపులకు కూడా రానివ్వలేదు. కారణం అడిగితే భద్రత అన్నారు. అప్పటి నుంచి ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు భయపెట్టేవారంటే నాకు ఒళ్లు మండుతుంది. నాలుగు జవాబులు రాశారు. ఆయన డేటాబేస్‌లో ఏముందో ఒక్కసారైనా అడిగారా?

తాళంకప్ప
మీరూ అడగలేదు.

రాత్రిబండి
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. అడిగినాయన ఇంకా ఇక్కడే ఉన్నారు.

పనిముట్టు
నెమ్మదిగానే చెబుతున్నాను. నేను జవాబు రాసేది ఎదుట ఉన్న మనిషికి. ఆయన ఇల్లు, ఆయన యంత్రం. ప్రమాదం ఎంతో తూచుకునే హక్కు ఆయనదే. దాన్ని ఆయన చేతిలోంచి లాక్కోవడానికి మనమెవరం?

తాళంకప్ప
నేను ఆయన ఒక్కరికే రాయడం లేదు. రేపు ఇదే ఎర్రర్ 2003 అని వెతుక్కుంటూ ఇంకెందరో ఇక్కడికి వస్తారు. ప్రశ్న పూర్తిగా చదవరు, మొదటి జవాబును కాపీ చేసి వెళ్తారు. వారి ఇంట్లో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియనప్పుడు మూసి ఉన్న దారే చెప్పాలి. మన తేడా ఇక్కడే ఉంది. మీరు దీన్ని ఒప్పుకోకపోయినా నేను ఇదే రాస్తాను.

పనిముట్టు
ఒప్పుకోను. మూసి ఉన్న దారి చెబితే చాలదు. దాన్ని ఎలా తెరుచుకోవాలో, తెరిస్తే ఏమవుతుందో రెండూ చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను.

కొత్తపాఠం
ఇంట్లో పని జరిగింది, ల్యాప్‌టాప్ నుంచి పట్టికలు కనిపిస్తున్నాయి. ఇద్దరికీ కృతజ్ఞతలు. డేటాబేస్‌లో ఏముందని అన్నారు కనుక చెబుతున్నాను: అమ్మ మందుల వివరాలు, పరీక్షల ఫలితాలు, ఇంటి ఖర్చులు. ప్రయాణంలో ఉన్నప్పుడు వైద్యులు అడిగితే చూపించాలన్నదే నా ఉద్దేశం. రౌటర్ పేజీలో చూస్తే బయటి చిరునామా 100.72తో మొదలవుతోంది. ఇదేమైనా సమస్యా?

ములుకోల
సమస్యే. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరస ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపల పంచుకునేది. 2012లో ఇందుకోసమే కేటాయించారు. మీ రౌటర్‌కు సొంత పబ్లిక్ చిరునామా లేదు, చాలా ఇళ్లతో కలిసి ఒకటి వాడుతోంది. అక్కడ 3306ను ఎన్నిసార్లు ఫార్వర్డ్ చేసినా బయటి నుంచి ఏమీ రాదు. ఇందాకటి నుంచి మీ ఇద్దరూ వాదించుకుంటున్న దారి ఈయనకు మొదటి నుంచీ లేదు.

పనిముట్టు
అయితే పబ్లిక్ చిరునామా ఇమ్మని కంపెనీని అడగవచ్చు. మందుల వివరాలంటున్నారు కనుక, ఈ ఒక్క సందర్భంలో టన్నెలే వేయండి.

తాళంకప్ప
బయట చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (యంత్రాల మధ్య గుప్త దారి) వేయండి. ఇంటి కంప్యూటరే బయటికి కనెక్షన్ చేసుకుంటుంది, కాబట్టి రౌటర్‌లో ఏ పోర్టూ తెరవనక్కరలేదు. దారి తెరిచే ఉండేలా మధ్యమధ్య చిన్న సందేశం పంపే పర్సిస్టెంట్ కీప్‌అలైవ్‌ను 25 సెకన్లకు పెట్టండి, లేకపోతే మధ్యలో ఉన్న రౌటర్లు ఆ దారిని మరచిపోతాయి. పనిముట్టు గారు అడిగారు కనుక తెరిచే దారీ చెబుతున్నాను: అద్దె సర్వర్ మీద వైర్‌గార్డ్ యూడీపీ పోర్టును, సాధారణంగా 51820ను, తెరవాలి. మీరు అనుమతించిన కీ లేనివారికి అది జవాబే ఇవ్వదు, అందుకే అది తెరిచి ఉన్నా నాకు భయం లేదు.

ములుకోల
వైర్‌గార్డ్ మీదుగా వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ చిరునామా 192.168.1తో మొదలు కాదు, మీరు దానికి ఇచ్చిన వరసలో ఉంటుంది. 1130 మళ్లీ వస్తుంది. ఆ వరసకూ యూజర్‌ను సృష్టించుకోండి.