పడమటి కిటికీల గాజుకు ఎండ ఆపేందుకు అతికించే ఫిల్మ్‌లలో ఏది మేలు? గాజు పగలదు కదా?

ఒంగోలులో రెండో అంతస్తు ఇల్లు. పడమటి గోడకు 4×4 అడుగుల స్లైడింగ్ కిటికీలు మూడు, 5 మి.మీ. సాదా గాజు, టఫెన్ చేసింది (కాల్చి గట్టిపరిచింది) కాదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడయ్యేసరికి గాజు మీద చెయ్యి ఆనించలేం. ఎండ టీవీ తెర మీద పడి బొమ్మ కనపడదు.

నల్ల ఫిల్మ్ వేడిని గాజులోనే పట్టి ఉంచుతుంది. సజ్జా నీడ సగం, ఎండ సగం పడితే అంచు దగ్గర పగులు మొదలవ్వొచ్చు. అందుకే వెలుతురు 40 శాతం వదిలే సిరామిక్ ఫిల్మ్ చూస్తున్నాం. కానీ అదీ కొంత వేడి పీల్చేదే కదా! పైగా రెక్కలు ఒకదానిమీదికొకటి జరిపితే మధ్యలో వేడి చిక్కుతుంది. సాదా గాజుకు భయం లేదా?

షాపుల్లో 'ఐఆర్ (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు) 95 శాతం ఆపుతుంది' అంటారే గాని, మొత్తం ఎండ వేడిలో ఎంత ఆపుతుందో చెప్పరు. ఆ అంకె ఎంతుంటే కొనొచ్చు? నెల్లూరు, కావలి వైపు వేయించినవాళ్లు దయచేసి చెప్పండి.