‘మీద సణుగుట’, ‘కు మొఱపెట్టుట’: మారా నీళ్ల దగ్గర రెండు క్రియలు

బైబిలులో నిర్గమకాండము 15వ అధ్యాయంలోని "మోషేమీద సణగుకొనగా" అనే ప్రయోగం తెలుగుకు సహజమేనా అని ఒక సోదరి అడిగారు. ఇంట్లో మనం "సణుగుతోంది", "సణుక్కుంటున్నాడు" అంటాం గాని, ఫలానావాళ్ల మీద సణుగుతున్నాడని సాధారణంగా అనం కదా అన్నది వారి సందేహం. నా దృష్టిలో ఆ సందేహం సరైనదే, పైగా ఆ వచనంలోని అసలు సంగతి దగ్గరికే మనల్ని తీసుకుపోతుంది.

గొణుగు, నసుగు, సణుగు అనే మూడు క్రియలను పక్కపక్కన పెట్టి చూద్దాం. గొణగడంలో మాట స్పష్టంగా లేకపోవడమే ముఖ్యం. అసంతృప్తి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. నసగడంలో చెప్పాలా వద్దా అనే తటపటాయింపు ఉంటుంది. సణిగేవాడికి ఆ తటపటాయింపు లేదు. ఎదుటివాడి ముఖం చూడకుండా, అయితే వాడి చెవిన పడాలనే ఉద్దేశంతోనే, వినపడీ వినపడనట్టు మాట్లాడతాడు. అందుకే మన సణుగుడుకు చిరునామా ఉండదు, "మీద" అనే మాట అవసరం పడదు.

ఆ "మీద" హెబ్రీ మూలం నుంచి వచ్చింది. మూలంలో ఆ క్రియ పక్కన "అల్" అనే మాట ఉంది. దానికి మీద, విరోధముగా అనే అర్థాలున్నాయి. మరుసటి వచనంలోనే మోషే "యెహోవాకు మొఱపెట్టెను". అక్కడ ఉన్నది "ఎల్", అంటే వైపునకు. ఒకటి ఐన్ అక్షరంతో, మరొకటి ఆలెఫ్‌తో మొదలయ్యే ఈ రెండు చిన్న మాటలూ చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. మన అనువాదకులు ఒకదానికి "మీద" అనీ, మరొకదానికి "కు" అనీ వేసి ఆ తేడాను తెలుగులో మరింత స్పష్టం చేశారు. వినడానికి కొంచెం కొత్తగా ఉన్నా "మోషేమీద" అని ఉంచడమే మంచి నిర్ణయమని నేననుకుంటాను.

మోషే ఐగుప్తు నుంచి నడిపించుకొచ్చిన ఇశ్రాయేలు జనులు ఎర్రసముద్రం దాటిన తరువాత షూరు అరణ్యంలో మూడు రోజులు నడిచినా వారికి నీళ్లు దొరకలేదు. తీరా దొరికిన మారా నీళ్లు చేదు. మారా అనే పేరుకు అర్థమే చేదు. ఆ దాహం జనులకు ఎంత ఉందో మోషేకూ అంతే ఉంది. జనులు తమ దాహాన్ని ఒక మనిషి మీద వేశారు, అతడు అదే దాహాన్ని దేవునికి చెప్పుకున్నాడు.

అయితే ఈ వచనాన్ని చూపించి, కష్టం వచ్చినా నోరు మెదపకూడదని కుటుంబాల్లో, ముఖ్యంగా కోడళ్లకు, బోధించేవారితో నేను ఏకీభవించలేను. సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో మోషే పలికిన మాటలు జనుల సణుగుడు కన్నా చాలా కఠినమైనవి. ఈ ప్రజలందరినీ నేను కన్నానా, ఈ భారం నేనొక్కడినే మోయలేను, దీనికన్నా నన్ను చంపివేయి అని అతడు సూటిగా దేవునితోనే అన్నాడు. అందుకు గద్దింపు రాలేదు. భారం పంచుకోవడానికి 70 మంది పెద్దలు వచ్చారు. కనుక ఇక్కడ తప్పొప్పులు తేలేది మాట ఎంత కటువుగా ఉందన్న దాన్ని బట్టి కాదు, అది ఎవరికి చెప్పబడిందన్న దాన్ని బట్టి. ఈ తేడాను మరీ గట్టిగా గీయకూడదన్నదీ నిజమే: నిర్గమకాండము 14వ అధ్యాయంలో, సముద్రపు ఒడ్డున, అదే జనులు యెహోవాకు మొఱపెట్టి, వెంటనే ఐగుప్తులో సమాధులు లేవనా మమ్మల్ని తెచ్చావు అని మోషేను ఎత్తిపొడిచారు.

ద్వితీయోపదేశకాండము 1:27లో మోషే అరణ్య ప్రయాణపు రోజులను గుర్తుచేస్తూ, మీరు మీ గుడారములలో సణిగారని అంటాడు. హెబ్రీలో అక్కడ వేరే క్రియ ఉంది, తెలుగులో మాత్రం సణుగుటే. నాకు ఆ "గుడారములలో" అన్న మాట దగ్గర ప్రతిసారీ మా వంటగది గుర్తుకు వస్తుంది. కుటుంబ ప్రార్థన వేళకు అమ్మ ఇంకా అంట్లు తోముతూ ఉండేది. గిన్నెల చప్పుడు పెరిగే కొద్దీ సణుగుడూ పెరిగేది. మా అమ్మమ్మ చాప మీద కూర్చునే, "గిన్నెలకు చెప్పింది చాలమ్మా, ఇక పైకి చెప్పు" అనేది. పైకి అంటే బిగ్గరగా అనీ, పై వానికి అనీ రెండర్థాలు వస్తాయి. ఆమె ఏ అర్థంలో అనేదో నేను ఎన్నడూ అడగలేదు. ఆ మాట విన్నాక నాన్న లేచి వెళ్లి కడిగిన గిన్నెలు బోర్లించేవాడు.

బిగ్గరగా అనే అర్థానికి కూడా వాక్యంలో ఆధారం ఉంది. సంఖ్యాకాండము 12వ అధ్యాయంలో మోషే అన్న అహరోను, అక్క మిర్యాము అతనికి విరోధంగా మాట్లాడిన తరువాత మిర్యాముకు కుష్ఠు వస్తే, మోషే యెలుగెత్తి ఆమె కోసం యెహోవాకు మొఱపెట్టాడు. అక్కడ కూడా హెబ్రీలో "ఎల్" ఉంది. ఆమె ఏడు రోజులు పాళెం వెలుపల ఉండగా జనులు ముందుకు సాగకుండా ఆగారు.

ఇక ప్రయోగం సంగతి. "మామీద సణుగుతోంది" అని బైబిలు చదవని ఇళ్లలోనూ వాడుక ఉందా, లేక ఇది క్రైస్తవ కుటుంబాల తెలుగుకే పరిమితమా? "విసుక్కొను" పక్కన "మీద" సహజంగా నిలుస్తుంది కాబట్టి, ఆ పోలికతో ఇది వాడుకలోకి వచ్చి ఉండవచ్చునని నా ఊహ. రాయలసీమ, ఉత్తరాంధ్ర, తెలంగాణ ప్రాంతాల సభ్యులు తమ ఇంట వినిపించే వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ రాయగలరు.