సిలికానా, సిలికోనా?

ప్రశ్న: ప్రయోగశాల సూచనలు తెలుగులో రాస్తున్నాం. “సిలికాన్ వేఫర్ మీద సిలికాన్ పోసి ఆరాక ఒలవండి” అని తేలింది ఒక వాక్యం! పత్రికల్లో రెంటికీ సిలికాన్ అనే చూస్తాం. “సిలికోన్” అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుందా?

జవాబు: ఉండదు, అలాగే రాయాలి. సిలికాన్ మూలకం, పరమాణు సంఖ్య 14, పెళుసు; వేఫర్ అంటే దాని పలుచని బిళ్ల. సిలికోన్ పాలిమర్: సిలికాన్, ఆక్సిజన్ ఒకదాని తర్వాత ఒకటిగా సాగే గొలుసు, పక్కల మిథైల్ సమూహాలు. రసాయన శాస్త్రవేత్త కిప్పింగ్ దీన్ని కీటోన్‌తో (కార్బన్, ఆక్సిజన్ మధ్య ద్విబంధం ఉండే సమ్మేళనం) పోల్చి ఆ పేరు వాడాడు. కీటోన్‌లోలా ద్విబంధం ఇందులో లేదని తర్వాత తేలినా పేరు నిలిచిపోయింది. ఆ “ఓన్” కీటోన్‌లోదే కాబట్టి దీర్ఘం పోగొట్టకండి.

మీ సూచనల్లో “సిలేన్” (చిన్న అణువులున్న సిలికాన్ సమ్మేళనం) కూడా రావాలే? పోసే ముందు వేఫర్‌ను ఫ్లోరోసిలేన్ ఆవిరికి గురిచేయాలి. డెసికేటర్ అనే మూత బిగించే పాత్రలో కొన్ని చుక్కలు చాలు. క్లోరోసిలేన్ అయితే తేమ తగిలి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వస్తుంది, అందుకే ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగే అర). ఈ మెట్టు వదిలేస్తే సిలికోన్ వేఫర్‌కు అతుక్కుని చిరుగుతుంది, లేదా లాగేటప్పుడు వేఫరే విరుగుతుంది.

మరొకరు: పాళ్లు కూడా స్పష్టంగా రాయండి. మామూలుగా వాడే పీడీఎంఎస్ (ఒక రకం సిలికోన్) కిట్‌లో మూలద్రవం 10, గట్టిపరిచే ద్రవం 1, బరువు లెక్కన: 20 గ్రాములకు 2 గ్రాములు. బాగా కలిపి, బుడగలు పోయేదాకా వాక్యూమ్‌లో ఉంచి, 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు. అయినా జిగటగానే ఉంటే మొదట చేతి తొడుగులు చూడండి. లేటెక్స్‌లోని గంధకం సిలికోన్‌ను గట్టిపరిచే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని చంపేస్తుంది. నైట్రైల్ తొడుగుల్లోనూ గంధకం ఉండవచ్చు, కాబట్టి వినైల్ మేలు.

ఒలిచిన సిలికోన్‌ను గాజుకు అతికించే చోట “సిలనాల్” (సిలికాన్‌కు అంటుకున్న OH సమూహం) తప్పదు. ఆక్సిజన్ ప్లాస్మా తగిలాక ఉపరితలం మీద పుట్టే ఆ సమూహాలే రెండువైపులా కలిసి బంధమవుతాయి. వెంటనే అతికించాలి. ఆలస్యమైతే ఉపరితలం మళ్లీ నీటిని వికర్షిస్తుంది, అతుకు నిలవదు.

ఇంకొకరు: జీవపదార్థాల వ్యాసాల్లో ఈ తేడా మరీ ముఖ్యం. 45ఎస్5 బయోగ్లాస్ సిలికేట్ గాజు: బరువులో 45 శాతం సిలికా, మిగతాది సోడియం, కాల్షియం, ఫాస్ఫరస్ ఆక్సైడ్లు. శరీరద్రవంలో దాని మీద అపటైట్ (ఎముకలోని ఖనిజం లాంటిది) పొర పుట్టి ఎముకతో బంధం ఏర్పడుతుంది. సిలికోన్ అలా ఎముకను పట్టుకోదు. రెంటినీ “సిలికాన్ ఇంప్లాంట్” అని రాస్తే ఎముకను పట్టుకునేదేదో, పట్టుకోనిదేదో పాఠకుడికి తెలిసే దారి లేదు.