సమస్యాపూరణం: తన్నుఁ దానె దించి ధన్యుఁ డగును

నిర్వాహకులు: "డిమీన్" అనే ఆంగ్లక్రియను తెలుగులో ఏమనాలని ఒక సభ్యురాలు అడిగారు. కించపరచడం, చులకన చేయడం, చిన్నబుచ్చడం అని మనకు మాటలు చాలానే ఉన్నా, ఆ క్రియ తన మీదికే తిరిగినప్పుడు ఏ మాట సరిపోతుందో తేల్చుకోవడం కష్టం. అందుకే ఈ ఆటవెలది పాదాన్ని ఇస్తున్నాను. పూరణలో ఆ క్రియ అర్థం పలకాలి.

తెనాలి సభ్యులు:

రాజసూయ వేళ రమణతోఁ గృష్ణుండు
విప్రవరుల కాళ్ళు ప్రీతిఁ గడిగి
పరము నిహముఁ గాచు పరమాత్ముఁడై కూడ
తన్నుఁ దానె దించి ధన్యుఁ డగును

నిర్వాహకులు: ఆర్యా, ధార చక్కగా ఉంది. వ-ప్ర యతి చెల్లుతుంది. "రమణతో" మాత్రం యతి కోసం వచ్చిన పదంలా ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు అర్థంలో ఉంది. కృష్ణుడు కాళ్ళు కడిగినందువల్ల ఆయన గౌరవం పెరిగిందే గాని తరగలేదు, కాబట్టి దాన్ని వినయమంటాం. ఆంగ్లంలో అక్కడ "హంబుల్" అనే క్రియ వాడతారు. "డిమీన్" అన్నచోట గౌరవం నిజంగా పోవాలి, లేదా పోయిందని చెప్పేవాడైనా నమ్మాలి. లూకా సువార్త 14:11లో తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడునని మన తెలుగు బైబిలు చెప్పే చోట కూడా ఆంగ్లంలో ఉన్నది "హంబుల్" క్రియే. తెలుగులో "తగ్గించుకోవడం" రెంటికీ సరిపోతుంది కాబట్టి అనువాదకులు తరచు పొరబడేది ఇక్కడే.

వరంగల్ సభ్యురాలు:

పదవి కొఱకుఁ బరుల పాదాల నొత్తుచు
లేని గొప్ప లెన్ని లేకి యగుచు
మాన మమ్ముకొన్న మనుజుఁ డెవ్వం డిల
తన్నుఁ దానె దించి ధన్యుఁ డగును?

నిర్వాహకులు: అమ్మా, సమస్యను ప్రశ్నగా మార్చి విరుపు సాధించారు. "లేకి" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఆంగ్లక్రియలోని "మీన్" అంటే సరిగ్గా మన లేకితనమే. మొదట "ఉమ్మడిది, అందరిదీ" అని చెప్పిన ఆ మాట క్రమంగా తక్కువదానికి పేరైంది. సుమారు 1600 ప్రాంతంలో, "డిబేస్" అనే క్రియ పోలికలో, దాని ముందు "డి" చేర్చారు. అయితే నాణెంలో నీచలోహం కలిపితే అది "డిబేస్" అవుతుంది. "డిమీన్"కు కర్మగా సాధారణంగా మనిషి గాని, అతని హోదా గాని ఉండాలి. ఒక ప్రకటన స్త్రీలను కించపరుస్తుంది, ఒక అధికారి లంచానికి చేయి చాచి తాను కూర్చున్న కుర్చీని చులకన చేస్తాడు. మీ పద్యంలోని మనిషి చేసిందీ అదే.

న్యూజెర్సీ సభ్యులు: ఇక్కడి న్యాయవాదుల ప్రమాణం గుర్తొచ్చింది.

నడత యనుచు నాఁటి నానార్థముం జూచి
న్యాయవాది సభను నమ్మఁ బలికె
నే డిమీను సేతు నిష్ఠతో నన్నని
తన్నుఁ దానె దించి ధన్యుఁ డగును

1790లో అమెరికా సుప్రీంకోర్టు నిర్ణయించిన ప్రమాణంలో, నన్ను నేను రుజువర్తనతో "డిమీన్" చేసుకుంటానని న్యాయవాది చెప్పాల్సి ఉండేది. అక్కడ ఆ మాటకు నడుచుకోవడమని అర్థం.

నిర్వాహకులు: ఈ పూరణ నన్ను ఎంతో సంతోషపెట్టింది. కాని "నానార్థము" అనడం సరికాదు, ఎందుకంటే ఇవి ఒకే మాటకున్న రెండర్థాలు కావు. నడతను చెప్పేది పాత ఫ్రెంచి నుంచి వచ్చిన వేరొక క్రియ. దాని మూలం పశువులను అదిలించి తోలడాన్ని తెలిపే లాటిన్ మాట. "డిమీనర్" (నడవడిక), "మిస్‌డిమీనర్" (చిన్న నేరం) దాని సంతానమే. వినడానికి ఒకటిగా ఉండడంతో చులకనను చెప్పే క్రియ బలపడి నడతను చెప్పేదాన్ని వాడుక నుంచి దాదాపుగా తోసేసింది. మొదటి పాదాన్ని "నడత తెలుపు నాఁటి నానుడినిం దెచ్చి" అని మారిస్తే గణాలూ యతీ నిలుస్తాయి, దోషమూ పోతుంది.

న్యూజెర్సీ సభ్యులు: సవరణకు కృతజ్ఞతలు, అలాగే మార్చుకుంటాను.

తెనాలి సభ్యులు: నా పద్యాన్ని వదులుకోను గాని, దానిలో "డిమీన్" ఉందన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కృష్ణుణ్ణి ఆ క్రియకు కర్తగా చేయకూడదు.